సెజాన్ చివరి బొమ్మల్లో ఆ ఖాళీలు ఏంటి? మా నాన్న అడుగుతున్నారు

ఫిల్లీ శ్రీను
అందరికీ నమస్తే. నేను ఇక్కడ చదివి పోయే బ్యాచ్, రాయడం తక్కువ. ఆర్ట్ గురించి నాకేమీ తెలీదు, ముందే చెప్పేస్తున్నా. మా నాన్న విజయవాడలో పాతికేళ్ళు సినిమా బ్యానర్లు, కటౌట్లు వేశారు, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు రెండు నెలలకని ఫిలడెల్ఫియాలో మా ఇంటికి వచ్చారు. గుడి, మాల్స్, నయాగరా అన్నీ అయిపోయాక ఇంకేం చూపించాలో తోచక మొన్న శనివారం ఆర్ట్ మ్యూజియంకి తీసుకెళ్ళాను. గంటలో తేలిపోతుంది అనుకున్నా. సెజాన్ అనే ఫ్రెంచ్ పెయింటర్ వేసిన 'లార్జ్ బేదర్స్' ముందు నిలబడి మనిషి కదల్లేదు.

తెలియని వాళ్ళ కోసం: ఏటి ఒడ్డున స్నానానికి వచ్చిన ఆడవాళ్ళ గుంపు, రెండు వైపుల నుంచీ చెట్లు వంగి గుడారంలా కలిశాయి, మధ్యలో నీళ్ళు, అవతలి గట్టున చిన్నగా ఇద్దరు. రెండు మీటర్ల పైన ఎత్తు, రెండున్నర మీటర్ల వెడల్పు. కొంచెం దగ్గరికెళ్తే చాలా చోట్ల రంగే లేదు, ఉత్త కాన్వాస్. మొహాలు కూడా సగం సగమే.

నాన్న మొదట అన్న మాట: "ఇది ముగించలేదురా. మేం ఇలా పంపిస్తే థియేటర్ వాడు డబ్బులు ఎగ్గొట్టేవాడు." పది నిమిషాలయ్యాక: "పని రాక కాదు. ఒక మూల నుంచి ముగించుకుంటూ రాలేదు చూడు, అన్ని చోట్లా ఒకేసారి లేపుకుంటూ వచ్చాడు. అది చాలా కష్టం. మరి ఇక్కడెందుకు వదిలేశాడు?"

నా దగ్గర జవాబు లేదు. పక్కన కాగితం మీద 1900-1906 అని ఉంది, 1906లోనే పోయాడట. అంటే టైం చాల్లేదా, కావాలనే వదిలేశాడా?

ఊరికే చదివేవాడు
టైం చాల్లేదు, అంతే. దీనికి తర్వాత వాళ్ళు వంద పేజీల వ్యాఖ్యానం రాసుకున్నారు. సగం కట్టిన ఇంటి ముందు నిలబడి "ఆహా, శూన్యం" అన్నట్టుంటుంది. మీ నాన్నగారి మొదటి మాటే కరెక్టు.

కొండపల్లి బొమ్మ
శ్రీను గారూ, మీ నాన్నగారి రెండో మాట నాకు తెగ నచ్చింది, అసలు విషయం అక్కడే ఉంది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆ బొమ్మ ఆయన పోయేటప్పటికి పూర్తి కాలేదు, ఇందులో రెండో మాట లేదు. అలాంటి పెద్ద బేదర్స్ మొత్తం మూడున్నాయి. ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీలో, ఒకటి మీరు చూసింది, మూడోది మీ ఊళ్ళోనే బార్న్స్ ఫౌండేషన్ మ్యూజియంలో. మూడింటి మీదా ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి పనిచేశాడు. మోడల్స్‌ని పెట్టుకుని కాదు. ఫ్రాన్స్‌లో ఆయన సొంతూరు ఎక్స్ లాంటి చిన్న ఊళ్ళో అరవై దాటిన పెద్దమనిషి ఆడవాళ్ళని బట్టల్లేకుండా కూర్చోబెట్టి బొమ్మ వేస్తే ఊరుకుంటారా? కుర్రతనంలో వేసుకున్న డ్రాయింగులు, మ్యూజియంలలో చూసి గీసుకున్నవి పెట్టుకుని లాక్కొచ్చాడు.

కానీ ఖాళీలు ఆ ఒక్క బొమ్మలోనే ఉంటే 'టైం చాల్లేదు' అని సరిపెట్టుకోవచ్చు. 1902 తర్వాత వేసిన తన ఊరి కొండ బొమ్మల్లో, తన తోటమాలి బొమ్మల్లో, నీటిరంగుల్లో ఎక్కడ చూసినా ఉన్నాయి. దీని గురించి ఆయనే రాశాడు కూడా. 1905 అక్టోబర్‌లో ఎమిల్ బెర్నార్ అనే కుర్ర పెయింటర్‌కి రాసిన ఉత్తరంలో దాదాపు ఇలా ఉంటుంది: వయసు మీద పడింది, వెలుగుని ఇచ్చే రంగుల స్పర్శలు నన్ను కాన్వాస్ అంతా నింపనివ్వడం లేదు, వస్తువుల అంచులు బాగా సన్నగా కలిసే చోట వాటిని గీత గీసి తెగ్గొట్టలేకపోతున్నాను, అందుకే నా బొమ్మ అసంపూర్తిగా ఉంటోంది. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు చూడండి, ఫిర్యాదు. తన మీద తనే చేసుకున్న ఫిర్యాదు.

రంగుల రాట్నం
నేను డ్రాయింగ్ టీచర్‌ని, జిల్లా పరిషత్ స్కూల్లో. పిల్లలకి నీటిరంగులు నేర్పేటప్పుడు మొదటి గొడవ ఎప్పుడూ ఇదే, కాగితం మీద తెలుపు కనిపిస్తే వాళ్ళకి నిద్ర పట్టదు, నింపేస్తారు. నేనూ అంతే ఉండేవాణ్ణి. ఒకసారి సెజాన్ నీటిరంగుల ప్రింట్ పక్కన పెట్టుకుని కాపీ చేద్దామని కూర్చున్నా. పెన్సిల్ గీతలు వణికినట్టుంటాయి, ఒక అంచుకి మూడు నాలుగు గీతలు, ఏది అసలుదో చెప్పడు. మీద పల్చటి నీలం ఒక పట్టీ. అది ఆరాక పక్కన సగం ఎక్కేలా పచ్చ. అది ఆరాక ఇంకోటి. ఆ పట్టీల మధ్య మిగిలిన తెల్ల కాగితమే ఎండ. నేను ఒక్క పట్టీ ఎక్కువ పెట్టాను, ఎండ పోయింది. పెట్టింది తీయడం నీటిరంగుల్లో కుదరదు కదా, కాగితం చింపి అవతల పడేశా.

తర్వాత నాకు తట్టింది ఏంటంటే, ఆయన నూనెరంగుల్లో కూడా ఇదే చెయ్యడం మొదలుపెట్టాడు. నీటిరంగుల అలవాటు చేతిలోకి ఎక్కి నూనెరంగుల్లోకి దిగింది. కొండ బొమ్మల్లో చదరపు మచ్చలు, మధ్యలో తెల్ల కాన్వాస్.

ఊరికే చదివేవాడు
నీటిరంగుల వరకు ఒప్పుకుంటా, అక్కడ కాగితం తెలుపు కూడా ఒక రంగే. కానీ నూనెరంగుల్లో తెల్ల ట్యూబ్ ఉంది కదండీ. వదలాల్సిన పనేంటి? పైగా వ్యాపారులు దొరికింది దొరికినట్టు కొని అమ్ముకున్నారు. ఇంకో వారం బతికి ఉంటే ఆ ఖాళీల్లో రంగు పెట్టేవాడేమో.

కొండపల్లి బొమ్మ
వ్యాపారి అన్నారు కాబట్టి ఆ వ్యాపారి కథే చెప్తాను. ఆంబ్రువాజ్ వొలార్. 1895లో పారిస్‌లో సెజాన్‌కి మొట్టమొదటి సొంత ఎగ్జిబిషన్ పెట్టింది ఆయనే, అప్పటికి సెజాన్‌కి 56 ఏళ్ళు. 1899లో సెజాన్ ఈ వొలార్ బొమ్మ వేస్తానని ఆయన్ని కూర్చోబెట్టాడు. వొలార్ చెప్పుకున్న లెక్క 115 సిట్టింగులు. కదిలితే తిట్లు, ఆపిల్ పండు కదులుతుందా అని. అన్ని సిట్టింగులయ్యాక కూడా చేతి మీద రెండు చిన్న చుక్కలంత మేర ఖాళీగా ఉండిపోయాయి. అవి నింపొచ్చు కదా అని అడిగితే సెజాన్ చెప్పిన జవాబు ఏంటంటే, అక్కడ ఊహించి ఏదో ఒకటి పెడితే, ఆ చోటు నుంచి మొదలుపెట్టి మొత్తం బొమ్మ మళ్ళీ వెయ్యాల్సి వస్తుంది. 115 సార్లు కూర్చోబెట్టినవాడు టైం లేక వదిలేశాడంటారా? చివరికి, చొక్కా ముందు భాగం మరీ అసంతృప్తిగా ఏమీ లేదు అన్నాడట, అంతే మెచ్చుకోలు.

ఇది వొలార్ చెప్పిన ముచ్చట కాబట్టి కొంచెం ఉప్పూ కారం కలిసి ఉండొచ్చు. కానీ ఆరేళ్ళ తర్వాత బెర్నార్‌కి రాసిన ఉత్తరం దానికి సరిగ్గా అతుకుతుంది.

ఫిల్లీ శ్రీను
ఇది ఇప్పుడే నాన్నకి చదివి వినిపించా. నవ్వి, "నిజమే, బ్యానర్ మీద హీరో చెంప దగ్గర ఒక్క పచ్చ తప్పు పడితే మెడ దాకా మార్చుకుంటూ పోవాలి" అన్నారు. వాళ్ళు మొహాల్లో నీడకి పచ్చ, నీలం, వంగపండు రంగు దిట్టంగా కొట్టేవారట, దగ్గర నుంచి చూస్తే దెబ్బలు తిన్నట్టుంటుంది, బందర్ రోడ్డు అవతల నుంచి చూస్తే చర్మం. ఈ బేదర్స్ ఒళ్ళంతా నీలం ఎందుకుందో నాకు అర్థం కాలేదు గానీ ఆయనకి అది వింతే కాదట.

లియోన్ లావణ్య
హాయ్, నేను ఫ్రాన్స్‌లో లియోన్‌లో ఉంటాను, ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ రెండుసార్లు వెళ్ళాను. అక్కడి సెజాన్ స్టూడియో గురించి చెప్తే మీ నాన్నగారికి నచ్చుతుంది శ్రీను గారూ.

సెజాన్ వాళ్ళమ్మ 1897లో పోయింది, 1899లో వాళ్ళ పెద్ద ఇల్లు 'జా ద బుఫాన్' అమ్మేశారు. నలభై ఏళ్ళు బొమ్మలు వేసుకున్న ఇల్లు అది. ఊళ్ళో అపార్ట్‌మెంట్‌కి మారాడు. 1901 చివర్లో ఊరికి ఉత్తరాన 'లె లోవ్' అనే మిట్ట మీద స్థలం కొని, మేడ మీద స్టూడియో కట్టించుకున్నాడు, 1902 నుంచి పోయేదాకా అదే. ఉత్తరం వైపు గోడంతా అద్దాలే. గోడలు బూడిద రంగు. ఆయన బొమ్మల్లో కనిపించే పుర్రెలు, అల్లం జాడీ, చెయ్యి విరిగిన చిన్న పాలరాతి రంగు మన్మథుడి బొమ్మ ఇంకా ఉన్నాయి. అన్నిటికన్నా నాకు నచ్చింది గోడలో ఒక మూల నిలువునా ఉన్న సన్నటి పొడుగాటి కంత. మనిషి పట్టడు. ఏంటా అనుకున్నా. మీరు చూశారే, ఆ రెండున్నర మీటర్ల కాన్వాస్, అది మెట్ల మీద నుంచి దిగదు కాబట్టి దాన్ని బయటికి జార్చడానికి కట్టించుకున్నాడు. బయట వెలుగులో పెట్టి చూసుకునేవాడు.

అక్కడి నుంచి ఇంకా పైకి నడిస్తే కొండ కనిపిస్తుంది. సాంత్-విక్తువార్, 1011 మీటర్లు. మన లెక్కలో పెద్ద కొండేమీ కాదు, కానీ మైదానం మీద ఒంటరిగా లేస్తుంది. నేనూ స్కెచ్ ప్యాడ్ తీసి కూర్చున్నా గొప్పగా. పావుగంటలో కొండ రంగు రెండుసార్లు మారింది, మిస్ట్రాల్ అనే అక్కడి ఈదురుగాలికి ప్యాడ్ ఎగిరి తుప్పల్లో పడింది, ఆ తుప్పలన్నీ ముళ్ళు. కొండ వదిలేసి ఆలివ్ చెట్టు ఫొటో తీసుకుని వచ్చేశా.

తీపి మానేసినవాడు
ఆయనకి షుగర్ ఉండేది కదా? 1890 ప్రాంతం నుంచీ అని చదివిన గుర్తు. ఇన్సులిన్ 1920ల్లో గానీ రాలేదు. పదిహేనేళ్ళు మందు లేని షుగర్ అంటే కళ్ళు దెబ్బతినే ఉంటాయి. నాకే రెండేళ్ళ క్రితం కంట్లో మచ్చలు వచ్చి లేజర్ చేయించుకున్నా, చూపులో ఖాళీలు అంటే ఏంటో నాకు తెలుసు. ఈ తెల్ల ఖాళీలు అవేనేమో?

రంగుల రాట్నం
అన్నా, ముందు మీ కళ్ళు జాగ్రత్త. కానీ కంట్లో మచ్చ ఉంటే కొండ మీదా కనిపిస్తుంది, కాన్వాస్ మీదా కనిపిస్తుంది కదా, రెండూ అదే కంటితో చూస్తాడు. పైగా మచ్చ కంటితో పాటు కదులుతుంది. ఈ ఖాళీలు సరిగ్గా అంచుల దగ్గర, రెండు వస్తువులు కలిసే చోటే ఎందుకుంటాయి? కొండ గీత ఆకాశంలోకి కరిగే చోట చూడండి. జబ్బు అంత పద్ధతిగా ఉండదు.

తీపి మానేసినవాడు
ఆ మాట నిజమే. అలసట మాత్రం షుగర్‌దే అని నా పట్టు.

కొండపల్లి బొమ్మ
అలసట గురించి ఆయన ఉత్తరాలు చదివితే మనసు ఎలాగో అయిపోతుంది. 1906 ఎండాకాలం, పారిస్‌లో ఉన్న కొడుక్కి వారానికి ఒకటి రెండు రాశాడు. వేడి భరించలేకపోతున్నాను, పొద్దున 5 నుంచి 8 లోపే నేను మనిషిని, ఆ తర్వాత బుర్ర పనిచెయ్యదు అంటాడు. తోటమాలి వాల్యే వచ్చి నడుం పడుతున్నాడంటాడు. ఏటికి తీసుకెళ్ళే బండివాడు రానూపోనూ 3 ఫ్రాంకులు అడిగాడని కోపం వచ్చి బండి మానేశాడు! బ్యాంకరు కొడుకు, తండ్రి ఆస్తి ఉంది, అయినా బేరం దగ్గర తేడా వస్తే తేడానే.

అదే కొడుక్కి సెప్టెంబర్ 8న రాసిన ఉత్తరం నాకు అన్నిటికన్నా ఇష్టం. ఇక్కడ ఏటి ఒడ్డున ఒకే దృశ్యం కోణం మారితే కొత్తదైపోతోంది, చోటు కదలకుండా కాస్త కుడికో కాస్త ఎడమకో వంగితే చాలు, నెలల తరబడి పని ఉంటుంది అంటాడు. నడుం నొప్పితో ఉన్న 67 ఏళ్ళ మనిషి అన్న మాట ఇది. సాంత్-విక్తువార్‌ని నూనెరంగులు, నీటిరంగులు కలిపి 80కి పైగా వేశాడు, ఎందుకన్ని అంటే ఇదే జవాబు అనుకుంటాను. వంగాడు, ఇంకో కొండ కనిపించింది.

ఊరికే చదివేవాడు
సరే, నేను మొండివాడినే గానీ గుడ్డివాడిని కాదు. వొలార్ చేతి కథకి, అంచుల సంగతికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం పట్టుబడతా: బేదర్స్‌ని, కొండని ఒకే గాటన కట్టకండి. కొండ ఎదురుగా ఉంది, కనిపించని చోట వదిలేశాడు, అది నిజాయితీ. బేదర్స్‌లో ఎదురుగా ఎవరూ లేరు, మొత్తం ఊహే. అక్కడ "చూడలేదు కాబట్టి పెట్టలేదు" అనడానికి లేదు. అక్కడ తేల్చుకోలేక ఆగిపోయాడు. ఈ రెండు ఖాళీలూ ఒకటి కావు.

కొండపల్లి బొమ్మ
ఇది మంచి మాట. నేను ఇప్పటిదాకా రెండింటినీ కలిపే మాట్లాడాను, ఒప్పుకుంటున్నా. బేదర్స్‌లో మధ్యన చేతులు నేల వైపు చాచిన ఆడవాళ్ళున్నారు కదా, వాళ్ళ చేతులు దేన్ని అందుకుంటున్నాయో తేలకుండా ఖాళీలోకి పోతాయి. అక్కడ ఏం రావాలో ఆయనకే తేలలేదు అనిపిస్తుంది, నాకు.

లియోన్ లావణ్య
మధ్యలో చిన్న పిట్టకథ. ఎక్స్ ఊరి మ్యూజియం క్యూరేటర్, ఆన్రీ పొంతియే అని, తను బతికుండగా సెజాన్ బొమ్మ ఒక్కటి కూడా లోపలికి రాదని శపథం పట్టాడు, నిలబెట్టుకున్నాడు కూడా. 1984లో ఫ్రెంచ్ ప్రభుత్వం ఎనిమిది బొమ్మలు అక్కడ పెట్టేదాకా ఆ ఊళ్ళో చూద్దామంటే ఆయన నూనెరంగుల బొమ్మ లేదు. ఇప్పుడేమో స్కూలు నుంచి వీధి దాకా అన్నిటికీ ఆయన పేరే. 2025లో ఏడాదంతా ఉత్సవాలు చేశారు.

ఫిల్లీ శ్రీను
మా ఊళ్ళో కూడా అలాంటిదే జరిగిందట. 1937లో మ్యూజియం ఆ బొమ్మని 110,000 డాలర్లకి కొంటే, ఊళ్ళో వేలమందికి స్నానాల తొట్లు లేవు గానీ మనకి స్నానం చేసేవాళ్ళ బొమ్మ కావాల్సొచ్చిందా అని ఒక పత్రిక ఏకిపారేసింది. నాన్న దీనికి పడీ పడీ నవ్వారు.

ఇంతకీ సెజాన్ ఎలా పోయారు? నాన్న అడుగుతున్నారు.

కొండపల్లి బొమ్మ
1906 అక్టోబర్ 15, సోమవారం. బయట బొమ్మ వేస్తుంటే గాలివాన వచ్చింది. గంటల తరబడి వానలో తడిసి పడిపోయాడు. చాకలి బండి మీద ఇంటికి తీసుకొచ్చారు, ఇద్దరు మనుషులు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టాల్సి వచ్చింది. ఇదంతా 'మరీ' అనే ఆయన చెల్లెలు 20వ తేదీన మేనల్లుడికి రాసిన ఉత్తరంలో ఉంది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ లేచి స్టూడియో తోటలోకి వెళ్ళి చెట్టు కింద వాల్యే బొమ్మ వేస్తూ కూర్చున్నాడు. చావు కళతో తిరిగొచ్చాడని రాసింది ఆవిడ. వారం తిరక్కుండానే పోయాడు. భార్య ఒర్తాన్స్, కొడుకు పారిస్ నుంచి వచ్చేసరికి అయిపోయింది.

నెల ముందే, సెప్టెంబర్‌లో బెర్నార్‌కి రాశాడు, ముసలివాణ్ణి, రోగిష్టిని, బొమ్మ వేస్తూనే చావాలని ఒట్టు పెట్టుకున్నాను అని. అందరూ దీన్నే ఎత్తి రాస్తారు, సినిమా డైలాగులా ఉంటుంది కాబట్టి. నాకు మాత్రం అక్టోబర్ 17న రాసిన చీటీ ఎక్కువ గుర్తుంటుంది. అంటే వానలో పడిపోయిన రెండు రోజులకి, మంచం మీద నుంచి. రంగుల వ్యాపారికి. బర్న్ట్ లేక్ నంబర్ 7 పది ట్యూబులు పంపమని అడిగి ఎనిమిది రోజులైంది, జవాబు లేదు, ఏం జరిగింది, వెంటనే చెప్పండి అని. దొరికిన ఉత్తరాల్లో చివరిది ఇదే.

రంగుల రాట్నం
బర్న్ట్ లేక్ అంటే ముదురు ఎరుపు, గోధుమలోకి దిగేది, పల్చగా పూస్తే కిందది కనిపిస్తుంది. వాల్యే చివరి బొమ్మల్లో నీడల్లో చూడండి, లండన్ టేట్ మ్యూజియంలో ఒకటుంది. దాని కాళ్ళ దగ్గర కూడా పని సగంలోనే ఉంటుంది.

ఫిల్లీ శ్రీను
ఆ చీటీ సంగతి నాన్నకి చదివాను. ఆయన చావు గురించి ఏమీ అనలేదు. "పది ట్యూబులా? ఒకటే రంగా?" అన్నారు. అవునన్నాను. కాసేపు ఆలోచించి, "మేం పెద్ద కటౌట్ ఒప్పుకున్నప్పుడే ఒక రంగు అంత తెప్పించేవాళ్ళం, ఊరికే ఎవడూ డబ్బు పెట్టడు" అన్నారు. తర్వాత లోపలికెళ్ళి మా అమ్మాయి కలర్ బాక్స్ తీసి ఏం చూశారో ఏమో, ఇందులో ఎరుపు మంచిది లేదు, షాపు ఎక్కడుంది అని అడిగారు. రేపు తీసుకెళ్తున్నా.

ఆదివారం బార్న్స్‌కి వెళ్తాం, రెండో బేదర్స్ చూడాలట. అక్కడ గోడల మీద బొమ్మల పక్కన పేర్లు ఉండవని, బొమ్మల మధ్యలో పాత ఇనప గడియలు, తలుపు బందులు తగిలిస్తారని ఎవరో చెప్పారు, నిజమేనా?

లియోన్ లావణ్య
నిజమే. మీ నాన్నగారిని మాత్రం కాన్వాస్‌కి మరీ దగ్గరగా వెళ్ళనివ్వకండి, నన్ను ఒకసారి గార్డు గట్టిగానే అరిచాడు.

ఊరికే చదివేవాడు
ఏ ఖాళీ ఎక్కడుందో మీ నాన్నగారినే అడిగి ఇక్కడ రాయండి శ్రీను గారూ. ఈసారి నోరు మూసుకుని చదువుతా.